ఏసీ తెరమీద ఈ6: బోర్డులు మార్చాల్సిందేనా?

మల్లెపందిరి | సోమవారం, ఉదయం 9.10

నమస్కారం అండీ. మా అత్తగారి గదిలో ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ ఉంది. కొని నాలుగేళ్లయింది. వారం రోజులుగా తెరమీద ఉష్ణోగ్రత అంకె ఉండాల్సిన చోట ఈ6 (E6) అని మెరుస్తోంది. ఆన్ చేయగానే లోపలి బ్లోయర్ మామూలుగానే తిరుగుతుంది. రెండు మూడు నిమిషాలకు కోడ్ వస్తుంది. ఇక ఆ తర్వాత వచ్చేది ఉత్త గాలే. బయటి యూనిట్ కదలదు, మెదలదు.

వచ్చిన మెకానిక్ రిమోట్ ఒకసారి నొక్కి చూసి, "సర్క్యూట్ బోర్డు పోయిందమ్మా, లోపలిదీ బయటిదీ రెండూ మార్చాలి" అన్నారు. మూత విప్పలేదు, మీటరు సంచిలోంచి తీయలేదు. మా అత్తగారేమో "నాకు ఫ్యాను గాలి చాలమ్మా, ఎందుకీ ఖర్చు" అంటున్నారు. కానీ రాత్రంతా ఆవిడ విసనకర్ర చప్పుడు పక్క గదిలోకి వినబడుతూనే ఉంది.

కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. నిజంగా రెండు బోర్డులూ ఒకేసారి పోతాయా?

చల్లనినీడ | సోమవారం, ఉదయం 9.32

ఈ6 అంటే గ్యాస్ అయిపోయిందని అర్థం. మా ఇంట్లో ఇదే కోడ్ వస్తే గ్యాస్ నింపించాం, వెంటనే పోయింది. బోర్డుల జోలికి వెళ్లకండి.

వోల్టుమీటరు | సోమవారం, ఉదయం 10.05

ముప్పై ఏళ్లు ఈ పనే చేసి మానేసినవాణ్ణి, కాస్త కటువుగా చెబితే ఏమీ అనుకోవద్దు. ఈ6 అనే అక్షరానికీ అంకెకూ సొంత అర్థం లేదు. ఏ కంపెనీ, ఏ మోడలు అన్నది తెలిస్తేనే దానికి అర్థం. చల్లనినీడ గారి ఏసీలో అది గ్యాస్ కావచ్చు, మల్లెపందిరి గారి ఏసీలో ఇంకేదో కావచ్చు.

అమ్మా, యూనిట్‌తో పాటు వచ్చిన చిన్న పుస్తకం ఉంటే వెనక పేజీలు చూడండి. లేకపోతే లోపలి యూనిట్ పక్కన అంటించిన స్టిక్కరు మీద మోడల్ సంఖ్య ఉంటుంది, దాని సర్వీస్ మాన్యువల్ వెతకండి. అది చూసేదాకా బోర్డు అనీ, గ్యాస్ అనీ మనం ఎన్ని మాటలన్నా అన్నీ ఊహలే.

కోడ్లపుస్తకం | సోమవారం, ఉదయం 10.41

వోల్టుమీటరు గారి మాటకు ఒక ఉదాహరణ. ఈ1 తీసుకోండి. మిడియా మోడళ్లు చాలావాటిలో అది లోపలి, బయటి యూనిట్ల మధ్య సమాచారం ఆగిపోవడం. గ్రీ వాటిలో కంప్రెసర్ దగ్గర పీడనం హద్దు మీరడం. హయర్‌లో గది ఉష్ణోగ్రత సెన్సర్ లోపం. ఒకే కోడ్, మూడు వేర్వేరు జబ్బులు. తిరగేసి చూస్తే, ఒకే జబ్బుకు ఎన్ని పేర్లో. యూనిట్ల మధ్య సమాచారం ఆగితే డైకిన్ యూ4 అంటుంది, ఎల్‌జీ సీహెచ్05 అంటుంది.

తెరమీద ఏమీ చూపించకుండా దీపం మాత్రమే మిణుకుమనే మోడళ్లూ ఉన్నాయి. వాటిలో దీపం ఎన్నిసార్లు వెలిగి ఆగుతోందో లెక్కపెట్టాలి. డైకిన్ రిమోట్లలో చాలావాటికి ఇంకో దారి ఉంది. టైమర్ రద్దు చేసే మీట 5 సెకన్లు నొక్కిపట్టుకుంటే రిమోట్ తెరమీద సున్నాలు మెరుస్తాయి. అదే మీటను ఒక్కొక్కసారి నొక్కుతూ పోతే కోడ్లు మారుతుంటాయి. ఏ కోడ్ దగ్గర యూనిట్ పొడవుగా కూత పెడుతుందో అదే అసలు కోడ్.

ఇంకో మాట. తెరమీద కనబడే ప్రతి అక్షరమూ లోపం కాదు. చలికాలంలో వేడి గాలి ఇచ్చే మోడళ్లలో బయటి కాయిల్ మీది మంచు కరిగించుకునేటప్పుడు కూడా కొన్ని ఏదో ఒకటి చూపిస్తాయి. అది చూసి మెకానిక్‌ను పిలిచినవాళ్లను నేనెరుగుదును. వాళ్లలో నేనూ ఒకణ్ణి.

మల్లెపందిరి | సోమవారం, మధ్యాహ్నం 1.20

పుస్తకం దొరికింది, బీరువా అడుగున. ఈ6కు ఎదురుగా "ఇండోర్, అవుట్‌డోర్ యూనిట్ల మధ్య సమాచార లోపం" అని ఉంది. గ్యాస్ మాటే లేదు. బోర్డు మాటా లేదు. ఇంతకీ ఈ రెండూ ఏం మాట్లాడుకుంటాయండీ?

సగంఇంజినీరు | సోమవారం, మధ్యాహ్నం 2.02

గది ఎంత వేడిగా ఉందో, మీరు రిమోట్‌లో ఎంత పెట్టారో లోపలి బోర్డుకు తెలుసు. కంప్రెసర్‌ను తిప్పేది బయటి బోర్డు. పాత రకం ఏసీలో అయితే కంప్రెసర్ తిరగడమో ఆగడమో, రెండే స్థితులు. ఇన్వర్టర్‌లో వేగం ఎప్పటికప్పుడు మారుతుంది కాబట్టి "ఇంత వేగంతో తిప్పు" అని లోపలిది చెబుతూ ఉండాలి, "తిప్పుతున్నాను, నా దగ్గర ఇంత వేడి ఉంది" అని బయటిది జవాబిస్తూ ఉండాలి. సెకన్ల తేడాతో ఈ మాటామంతీ నడుస్తూనే ఉంటుంది.

రెండింటి మధ్య మామూలుగా నాలుగు తీగలుంటాయి: లైన్, న్యూట్రల్, ఎర్త్, సిగ్నల్. చాలా మోడళ్లలో ఈ సిగ్నల్‌కు తిరుగుదారి న్యూట్రలే. అందువల్ల సిగ్నల్ తీగ బాగున్నా న్యూట్రల్ వదులైతే మాట ఆగిపోతుంది. లైన్, న్యూట్రల్ తారుమారు చేసి బిగించినా ఇదే కోడ్ వస్తుంది.

లోపలి బోర్డు పిలుస్తుంది, కాసేపు చూస్తుంది, బయటి నుంచి జవాబు రాకపోతే ఈ6 అని రాసి ఊరుకుంటుంది. అవతలివాడు నిద్రపోయాడా, అసలు ఇంట్లో లేడా, మధ్యలో తీగ తెగిందా అన్నది దానికి తెలియదు. మీ మెకానిక్‌కు మాత్రం రిమోట్ నొక్కగానే ఎలా తెలిసిందో నాకు అర్థం కాలేదు.

వోల్టుమీటరు | సోమవారం, మధ్యాహ్నం 3.15

ఇప్పుడు దారిలో పడ్డాం. అమ్మా, మూడు ప్రశ్నలు. ఎంసీబీ, అంటే ఏసీకి కరెంటు ఆపే బ్రేకర్ మీట, దించి, పది నిమిషాలాగి ఎక్కిస్తే ఏమవుతోంది? కోడ్ వచ్చే రోజులకూ రాని రోజులకూ తేడా ఏమైనా గమనించారా? ఈ ఏసీని మొదటి నుంచీ ఆ గోడకే పెట్టారా, మధ్యలో చోటు మార్చారా?

రెండో ప్రశ్న ఎందుకంటే, బోర్డు చచ్చిపోతే రోజూ చచ్చే ఉంటుంది. ఒకరోజు లేచి కూర్చుని మర్నాడు పడిపోయేది సాధారణంగా వదులు కనెక్షనే.

రెండోమాట | సోమవారం, సాయంత్రం 5.40

సాధారణంగా అన్నారు కాబట్టి సరిపోయింది. బోర్డులు అసలు పోవన్నట్టు మాట్లాడకండి. బయటి యూనిట్‌లోకి దూరిన బల్లి రెండు పిన్నుల మధ్య పడి, తాను మాడి బోర్డునూ మాడ్చిన సందర్భం నా కళ్లతో చూశాను. చీమలు రిలే (బోర్డు మీద దానంతటదే కలిసి విడిపోయే స్విచ్) కాంటాక్టుల మధ్య చేరతాయి. కరెంటు పోయి వచ్చేటప్పుడు వోల్టేజి ఎగిసిపడితే దాన్నుంచి బోర్డును కాపాడే వేరిస్టర్ పగిలి, ఫ్యూజు పోతుంది. బోర్డు మీద టంకం చీలితే, వేడెక్కితే పనిచేసి చల్లారితే మానేసే రకాలూ ఉన్నాయి. అవి కూడా ఒకరోజు లేచి ఒకరోజు పడతాయి.

వోల్టుమీటరు | సోమవారం, సాయంత్రం 6.05

ఒప్పుకుంటాను. కానీ ఆ ఫ్యూజు మార్చడానికైనా మూత విప్పాలి కదా. నా తగవంతా విప్పకుండా చెప్పిన తీర్పుతోనే.

బయటి బోర్డు మీద చాలా మోడళ్లలో చిన్న ఎల్‌ఈడీ ఉంటుంది. ఏసీ ఆన్ చేశాక అది వెలిగితే కనీసం బోర్డుకు కరెంటు చేరుతున్నట్టు. వెలగకపోతే ముందు తీగలు బిగించే టెర్మినల్ దగ్గర సరఫరా ఉందో లేదో చూడాలి. చాలా ఏసీల్లో బయటికి కరెంటు పంపేది లోపలి బోర్డు మీది రిలే. అది కలవకపోతే బయట అంతా చీకటే, బయటి బోర్డు మాత్రం నిక్షేపంగా ఉంటుంది.

రాత్రిపాళీ | సోమవారం, రాత్రి 11.48

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి, కొత్త చర్చ ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. మాది వేరే కోడ్. పుస్తకంలో "ఇండోర్ పైపు సెన్సర్" అని ఉంది. ఆన్ చేసిన మరుక్షణమే వస్తుంది. దీనికీ బోర్డేనా?

కోడ్లపుస్తకం | మంగళవారం, ఉదయం 6.30

మరుక్షణమే అన్నారు చూడండి, అది మంచి ఆధారం. సెన్సర్ తెగినా, లోపల షార్ట్ అయినా బోర్డు ఆన్ కాగానే పసిగడుతుంది. యూనిట్ల మధ్య మాట ఆగితే రెండు మూడు నిమిషాలు చూసి చెబుతుంది. గ్యాస్ తక్కువైనా, బయటి కాయిల్ దుమ్ముతో మూసుకుపోయినా అరగంటో గంటో నడిచి, వేడెక్కి, అప్పుడు ఆగుతుంది. ఎంసీబీ ఎక్కించాక కోడ్ ఎంతసేపటికి తిరిగొచ్చిందో చూసి రాసుకుంటే సగం పని అయినట్టే.

సగంఇంజినీరు | మంగళవారం, ఉదయం 7.55

రాత్రిపాళీ గారూ, ఆ సెన్సర్ ఒక థర్మిస్టర్. వేడి పెరిగితే నిరోధం తగ్గుతుంది. కరెంటు పూర్తిగా ఆపించి, బోర్డు నుంచి దాని ప్లగ్గు ఊడదీస్తే మామూలు మల్టీమీటర్‌తో పరీక్షించవచ్చు.

చాలావాటిలో 25 డిగ్రీల దగ్గర 10 కిలోఓమ్‌లు. కానీ 5, 15, 20 కిలోఓమ్‌లవీ ఉన్నాయి, మీ మోడల్‌ది ఎంతో చూసుకోండి. 10 కిలోఓమ్‌లదే అయితే సెన్సర్ తలను గుప్పిట్లో పట్టుకుని ఒక నిమిషం ఆగండి, అంకె 7 వైపు దిగుతూ వస్తుంది. తర్వాత మంచు ముక్కలు తేలే గ్లాసు నీళ్లలో ముంచండి. ఎక్కుతూ ఎక్కుతూ 30 చుట్టుపక్కల నిలవాలి. కదలకుండా కూర్చుంటే, లేదా తెగిన తీగలాగా అసలేమీ చూపకపోతే సెన్సర్ పోయినట్టు. కొత్తది వేసేటప్పుడు విలువ సరిగ్గా అదే ఉండాలి. వేరే విలువది వేస్తే కోడ్ పోతుంది గానీ ఏసీ జీవితాంతం ఉష్ణోగ్రత తప్పుగా చదువుతుంది.

మల్లెపందిరి | మంగళవారం, ఉదయం 10.15

వోల్టుమీటరు గారూ, మీ ప్రశ్నలకు జవాబులు.

ఎంసీబీ దించి ఎక్కిస్తే ఒక్కోసారి సాయంత్రం దాకా నడుస్తుంది, ఒక్కోసారి మూడు నిమిషాలకే కోడ్. ఇక తేడా సంగతి. నేను గమనించలేదు గానీ మా అత్తగారు గమనించారు. క్యాలెండర్‌లో ఏసీ ఆగిన రోజులన్నీ సున్నాలు చుట్టి పెట్టారు, నాకు ఈ ఉదయమే చూపించారు. ఐదు సున్నాలు. ఐదూ రాత్రి వాన పడ్డ మర్నాళ్లే.

మూడోది. రెండేళ్ల క్రితం హాల్లోంచి ఈ గదికి మార్పించాం. బయటి యూనిట్ దూరమైందని పైపులు, తీగ పొడిగించారు.

వోల్టుమీటరు | మంగళవారం, ఉదయం 10.22

మీ అత్తగారికి నమస్కారాలు చెప్పండి. సగం మంది మెకానిక్‌లకు లేని అలవాటు ఆవిడకు ఉంది.

పొడిగించిన చోట జాయింటు ఉండి తీరాలి. రెండు తీగలు మెలిపెట్టి, పైన టేపు చుట్టి, పైపుల ఇన్సులేషన్ లోపలికి తోసేసి ఉంటారు. వాన నీళ్లు పైపు వెంబడి జారి అక్కడ చేరతాయి. రాగి చిలుము పట్టి కనెక్షన్ బలహీనమవుతుంది. కరెంటు మోసే తీగలు అలాగైనా కొంతకాలం నెట్టుకొస్తాయి, సిగ్నల్ మాత్రం అంత చెడుగును తట్టుకోదు. ఎండకు ఆరితే మళ్లీ మామూలే. అందుకే ఈ తీగ మొదటి నుంచి చివరి దాకా ఒకటే ముక్కగా ఉండాలని ప్రతి ఇన్‌స్టలేషన్ పుస్తకంలోనూ రాసి ఉంటుంది. ప్రతి చోటా అందరూ మరిచిపోయేదీ అదే.

రెండోమాట | మంగళవారం, ఉదయం 11.10

వాన అంటే తీగే కానక్కర్లేదు, బయటి బోర్డు మీద తేమ చేరినా అంతే. అయినా ముందు తీగ చూడటమే చవక కాబట్టి ఈసారికి ఆయన పక్షమే.

మల్లెపందిరి | మంగళవారం, ఉదయం 11.30

మరి బయటి మూత నేనే విప్పి చూడవచ్చా? నాలుగు స్క్రూలే కనిపిస్తున్నాయి.

సగంఇంజినీరు | మంగళవారం, ఉదయం 11.34

వద్దు. ఎంసీబీ దించినా వద్దు. ఇన్వర్టర్ బోర్డు మీద పెద్ద కెపాసిటర్లు ఉంటాయి. ఇంటికొచ్చే 230 వోల్టుల ఆల్టర్నేటింగ్ కరెంటును డీసీగా మారిస్తే 325 వోల్టుల దాకా వస్తుంది, అదంతా వాటిలో నిలవ ఉంటుంది. కరెంటు తీశాక కూడా నిమిషాల తరబడి అలాగే ఉండవచ్చు. పనివాళ్లు సైతం పది నిమిషాలాగి, మీటరుతో కొలిచి, అంకె సున్నా దగ్గరికి వచ్చాకే చెయ్యి పెడతారు. డీసీ ఫ్యాన్ మోటారు ప్లగ్గును కరెంటు ఉండగా ఊడబెరికి మోటారునూ బోర్డునూ కలిపి కాల్చినవాళ్లూ ఉన్నారు.

మీరు చేయదగ్గవి ఫిల్టర్లు కడగడం, బయటి యూనిట్ ముందు అడ్డం లేకుండా చూడటం, ఎంసీబీ తీసి వేయడం. మిగిలినదానికి వేరే మనిషిని పిలవండి.

వోల్టుమీటరు | మంగళవారం, మధ్యాహ్నం 12.05

వచ్చినాయన్ను ఒక్కటే అడగండి. "న్యూట్రల్‌కూ సిగ్నల్ టెర్మినల్‌కూ మధ్య డీసీ వోల్టేజి కొలుస్తారా?" అని. పనిచేసే లైనులో ఆ అంకె నిలకడగా ఉండదు, ఎగిరెగిరి పడుతూ ఉంటుంది. ఒకేచోట నిలిచిపోతే ఎవరో ఒకరు పలకడం లేదన్నమాట. ఆ ప్రశ్న వినగానే ఆయన ముఖం చూడండి. మీటరు తీస్తే ఉండనివ్వండి, విసుక్కుంటే పంపించేయండి.

తర్వాత పాత తీగను పక్కనపెట్టి, కొత్త తీగను తాత్కాలికంగా కిటికీలోంచి వేసి రెండు యూనిట్లకూ కలిపి చూడమనండి. దాంతో నడిస్తే బోర్డులు రెండూ బాగున్నట్టే.

చల్లనినీడ | మంగళవారం, సాయంత్రం 7.20

నిన్న నేను రాసినదానికి ఒక దిద్దుబాటు. గ్యాస్ నింపించింది నాలుగు నెలల క్రితం. ఈ రోజు మధ్యాహ్నం మళ్లీ అదే కోడ్ వచ్చింది. లోపలి కాయిల్ ఒక మూల మంచు కట్టింది, మిగతాదంతా పొడిగా ఉంది. నాలుగు నెలలకే గ్యాస్ అయిపోతుందా?

వోల్టుమీటరు | మంగళవారం, రాత్రి 8.10

గ్యాస్ పెట్రోలు కాదు, ఖర్చవడానికి. మూసిన గొట్టాల్లో తిరిగేదే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. కారే చోటు పట్టకుండా నింపడం చిల్లికుండలో నీళ్లు పోయడమే.

ముందు బయటి యూనిట్ దగ్గర గొట్టాలను బిగించే ఫ్లేర్ నట్‌లు చూడమనండి. అక్కడ నూనె మరక ఉంటే దొంగ దొరికినట్టే. సబ్బు నురుగు పెడితే బుడగలు వస్తాయి. అప్పటికీ దొరకకపోతే నైట్రోజన్ ఎక్కించి, పీడనం దిగుతుందేమో చూడాలి. బాగుచేశాక వాక్యూమ్ పంపుతో గొట్టాలు ఖాళీ చేసి, పేరుపలక మీద రాసినన్ని గ్రాములే తూచి నింపాలి. చేత్తో పైపు తాకి "సరిపోయింది" అంటే ఒప్పుకోకండి. పలక మీద గ్యాస్ పేరు ఆర్32 అని ఉంటే అది కొద్దిగా మండే స్వభావం ఉన్నది, కారుతుందన్న అనుమానం ఉన్న చోట మంట వద్దు.

రాత్రిపాళీ | బుధవారం, రాత్రి 12.30

మంచు గ్లాసు పరీక్ష చేశాం. గుప్పిట్లో 2, మంచులోనూ 2. కొత్త సెన్సర్ వేశారు, నడుస్తోంది. సగంఇంజినీరు గారికి పూర్తి ఇంజినీరు పట్టా ఇస్తున్నాను.

మల్లెపందిరి | గురువారం, సాయంత్రం 6.45

వివరంగా రాస్తాను, ఇలాంటి కోడ్ వచ్చిన ఇంకెవరికైనా పనికొస్తుంది.

నిన్న రాత్రి వాన పడింది, ఉదయం ఈ6 వచ్చింది. ఈసారి కోడ్ రావాలని కోరుకున్నాను చూడండి. వేరే మెకానిక్‌ను పిలిచాం, పాతికేళ్లుంటాయేమో. న్యూట్రల్, సిగ్నల్ మాట అడగగానే నవ్వి, "అదే చూద్దామని వచ్చానండీ" అన్నారు. మీటరులో అంకె కదలకుండా నిలిచిపోయింది. కిటికీలోంచి కొత్త తీగ లాగి కలిపారు. ఏసీ ఆన్ చేసి అందరం గడియారం చూస్తూ నిలబడ్డాం. మూడు నిమిషాలు దాటాయి. ఐదు దాటాయి. బయట కంప్రెసర్ గుర్రుమనడం మొదలుపెట్టింది, మీటరులో అంకె గంతులు వేస్తోంది.

ఆ తర్వాత పాత తీగ బయటికి లాగారు. గోడ కన్నం దాటిన జానెడు దూరంలో, పైపులు కిందికి వంగే చోట టేపు ముద్ద. విప్పితే లోపల టేపు జిగురు కారి నల్లగా ఉంది. దాని కింద రాగి పోగులు ఆకుపచ్చగా మారి, వేలితో తాకితే పొడిగా రాలాయి. సిగ్నల్ తీగలో రెండంటే రెండు పోగులు మిగిలాయి. న్యూట్రల్ ఇన్సులేషన్ కమిలిపోయి ఉంది. ఇంకొన్నాళ్లుంటే అక్కడే అంటుకునేదట.

కొత్త తీగ ఒకటే ముక్కగా వేశారు, పుస్తకంలో రాసిన మందానిదే. బయట వంపు దగ్గర నీళ్లు లోపలికి జారకుండా తీగను కాస్త కిందికి దించి, మళ్లీ పైకి తీసుకెళ్లారు. రెండు బోర్డులూ పాతవే.

వోల్టుమీటరు | గురువారం, రాత్రి 7.30

శుభం. ఆ కుర్రాడి నంబరు జాగ్రత్తగా దాచుకోండి, పాత తీగ ముక్క కూడా పారేయకండి. బోర్డులు మార్చాలన్నాయన ఎప్పుడైనా ఎదురుపడితే చూపించవచ్చు.

మల్లెపందిరి | గురువారం, రాత్రి 9.05

ఆలస్యమైపోయిందండీ. మంచి ముక్క మీటరున్నర దాకా ఉందని మా అత్తగారు సాయంత్రమే దాంతో పెరట్లో మల్లెపందిరి కట్టేశారు. ఇప్పుడు తలుపు వేసుకుని పడుకున్నారు. విసనకర్ర నా గదిలో పెట్టి వెళ్లారు.